చెప్పకుండా పారేసిన మెయిళ్లు

జూలైలో అరకులో దిగాను. బొర్రా దాటినప్పటి నుంచి వాన. స్టేషన్ నుంచి క్యాంపుకి జీపులో తీసుకెళ్లింది మా డ్రైవర్. పాచిపెంట వైపు కొండ ఊరివాడు. నాది విజయనగరం. ఆర్మీలో సిగ్నల్స్ హవల్దారుని. రేకుల గదిలో ఒక మెయిల్ సర్వర్, బయట జనరేటర్, గొడుగంత డిష్. సెల్ సిగ్నల్ లేదు. వానకి ఫోన్ లైను తెగితే ఇళ్ల కబుర్లన్నీ ఆ సర్వర్‌కే రావాలి.

దానికేమో చెత్త మెయిళ్లు. లాటరీలు, మందులు, ఏ దేశానివో తెలియని లిపుల్లో ప్రకటనలు. వాటి వెనక ఆర్డర్లు ఇరుక్కుపోయేవి. తెల్లారేసరికి ఆపమన్నాడు కమాండర్. ఇంగ్లిషు అక్షరాల్లో లేని మెయిల్ ఏదొచ్చినా పారేయమని సర్వర్‌లో రూల్ రాశాను. తిప్పి పంపితే డిష్ లింకు మీద మళ్లీ భారం. అందుకని పంపినవాడికి కూడా తెలియకుండా పారేయమన్నాను. మర్నాడు కమాండర్ భుజం తట్టాడు. పొంగిపోయాను.

డ్రైవర్ తల్లికి జబ్బు. క్యాంపు మెయిల్ అడ్రస్ అన్నకి ఇచ్చి వచ్చాడు. రోజూ డ్యూటీ దిగగానే నా గదికి వచ్చేవాడు. మిషనుకి తేమ తగలకుండా గుమ్మంలో గోనెసంచి వేశాను. దాని మీద బూట్లు తుడుచుకుని, అక్కడే నిలబడి అడిగేవాడు.

"ఇంటికాడ నుంచి ఏటైనా వచ్చినాదా సారూ?"

ఏమీ రాలేదనేవాణ్ణి. తల కూడా ఎత్తేవాణ్ణి కాదు.

ఒకరోజు అతని అన్న తడిసి ముద్దై గేటు దగ్గరికి వచ్చాడు. తల్లి పోయింది. మట్టి చేసేశారు కూడా. సాలూరు నెట్ సెంటర్లో రెండుసార్లు మెయిల్ కొట్టించాడట. తల్లి చెప్పిన మాటలు చెప్పినట్టే ఉండాలని తెలుగు అక్షరాల్లోనే కొట్టించాడట.

"మెయిలు తిరిగి రానేదు. అందినాదనుకున్నాం. అమ్మ దారికేసే సూసిందిరా."

డ్రైవర్ నా వైపు తిరిగాడు. వానకి లింకు పోయి ఉంటుందన్నాను. కంచే చేను మేసింది. నా భాషలో వచ్చిన కబురుని నేనే చెత్తలో వేశానని చెప్పలేదు. ఆ సాయంత్రం రూల్ తీసేశాను. ఎవరూ గమనించలేదు.

అక్కడ నా పోస్టింగు ముగిశాక స్టేషన్లో దింపిందీ అతనే. నా ట్రంకుపెట్టె రైలెక్కించాడు.

"మీరేటి సేత్తారు సారూ. వాన అది."

సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాను. వాన మొదలైతే చాలు, అతను గుమ్మంలో కనిపిస్తాడు. నా మిషను పాడవకూడదని, గోనెసంచి మీద ముందు ఒక బూటు, తర్వాత రెండోది, జాగ్రత్తగా తుడుచుకుంటూ ఉంటాడు.