చేతికందే రాళ్ళు

మా పక్క క్వార్టర్ బాబాయిగారు పోయారు. నేను కుక్కర్ దించుతుంటే పిన్నిగారు గోడ అవతలి నుంచి పిలిచారు. "అమ్మాయ్, ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. అయిపోయిందట." ఇన్ని నెలలుగా ఎదురుచూస్తున్న మాటే. అయినా కుక్కర్ అక్కడే వదిలేసి పరుగెత్తాను.

ఇనుప గనిలో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాక, మా గనుల ఊరు బచేలిలో ఆస్పత్రి ఎదురుగా కాలనీ సంఘం ఇచ్చిన గదిలో ఆయన ఖనిజాల ప్రదర్శన పెట్టారు. బైలడిల్లా ఇనుపరాళ్ళు, సుక్మా వైపు దొరికే తగరపు రాయి, అరిగిన డ్రిల్ బిట్లు, సొట్టపడిన హెల్మెట్లు. దేనికీ అద్దం లేదు, తాళం లేదు. ఎవరొచ్చినా రాయి తీసి చేతిలో పెట్టేవారు. "చూస్తే ఏం తెలుస్తుంది? ఎత్తు," అనేవారు.

రోగుల వెంట వచ్చినవాళ్ళు ఫ్యాను గాలికని అక్కడ కూర్చునేవారు. ఒకసారి మద్దేడ్ నుంచి వచ్చినామె నవ్వింది. "ఏంది పెద్దయ్యా, మా చేన్ల నిండ రాళ్ళే. మీరు గదిల కూసోబెట్టిన్రా?" ఆయన ఇనుపరాయి అందించారు. ఆమె చేయి కిందికి జారింది. "అవ్వో, మా ఆయన లెక్కనే ఉంది. లేపితే లేవదు." ఆయన రోజంతా నవ్వుకున్నారు.

ఒక పళ్ళెంలో బ్లూ డస్ట్ ఉండేది, పొడిగా దొరికే మేలైన ఇనుప ఖనిజం. కొత్తగా ఊడ్వడానికి వచ్చినామె దాన్ని దుమ్మనుకుని పారబోసి, పళ్ళెం తోమి బోర్లించింది. "పళ్ళెం బాగా మెరుస్తోంది," అని మాత్రం అన్నారు.

మంచం పట్టాక ఒక్కటే అడిగారు. "రాళ్ళను ఎక్కడికైనా పంపండి. తాళం మాత్రం వేయనీకండి."

కర్మ అయ్యాక సంఘానికి గది కావలసివచ్చింది. ఒక బడివాళ్ళు రాళ్ళను తీసుకుంటామన్నారు. పిన్నిగారూ నేనూ వాటితో వెళ్తే పెద్ద టీచర్ అద్దాల బీరువా చూపించింది. "బచ్చే గిరా దేంగే, భాభీజీ. తాలా తో లగేగా." పిల్లలు పడేస్తారని ఆమె భయం, తాళం తప్పదంది. వాదించే ఓపిక నాకు లేదు. "ఆయన అడిగింది అదొక్కటే కదమ్మా," అన్నారు పిన్నిగారు నాతో మెల్లగా.

సర్దుతుంటే ఇనుపరాళ్ళ బరువుకు అద్దపు అర కిర్రుమంది. అద్దం పగులుతుందని టీచర్ వాటిని వరండాలో కుళాయి పక్క అరుగు మీద పెట్టించింది. తగరపు రాయి, హెల్మెట్లు లోపలే ఉండిపోయాయి. వాటికి తాళం పడింది.

మేము గేటు దాకా వచ్చేసరికి గంట కొట్టారు. నీళ్ళకొచ్చిన ఆడపిల్లలు ఇద్దరేసి కలిసి రాయి ఎత్తి చూస్తున్నారు. ఇనుపరాతి ఎర్రపొడి అంటిన చేతులు తెల్ల చొక్కాలకు తుడుచుకుంటున్నారు. ఆ మరక ఎంత ఉతికినా పోదు.