పైడితల్లి వాళ్ళ నాన్న బొమ్మలు

పద్దెనిమిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నానని కూడా అనకూడదేమో, దాని మీదే బతికాను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను ఊళ్ళు తిరిగి కంపెనీల్లో పనిచేసేవాళ్ళకి నాయకత్వం మీద శిక్షణ ఇస్తాను. చదివింది మాత్రం బొమ్మలు వెయ్యడం. మాది కోటబొమ్మాళి. మా నాన్నకి మూడెకరాల వరి. ఆర్ట్ కాలేజీ హాస్టల్లో నా గదిలోనే పైడితల్లి ఉండేది, నెల్లిమర్ల పిల్ల. వాళ్ళ నాన్నకి జూట్ మిల్లులో పని. సెలవులకి ఇంటికెళ్తే పైడి ఆయన్నే గీసేది. నిద్రపోతున్న నాన్న. చుట్ట కాలుస్తున్న నాన్న. డ్యూటీ దిగొచ్చి, జుట్టులో నారపోగులతో గుమ్మంలోనే కూలబడ్డ నాన్న. ఆ గీత ఎన్నేళ్ళు సాధన చేసినా నాకు రాదని మొదటి ఏడాదే తెలిసిపోయింది.

ఆఖరి ఏడాది ఒక ప్రకటనల కంపెనీ వాళ్ళొచ్చారు. ఉద్యోగం ఒక్కటే. బొమ్మల పుస్తకం చూసి ఎంచుకుంటామన్నారు. సరిగ్గా ఆ వారమే నాన్నకి జబ్బు చేసిందని పైడి ఊరెళ్ళింది. వెళ్తూ, తన తరఫున ఇచ్చెయ్యమని పుస్తకం నా చేతిలో పెట్టింది.

పేరున్న మొదటి పేజీ చింపేశాను. నా చెయ్యి వణికిందా? వణికిందనే రాయాలనుంది. వణకలేదు.

ఇంటర్వ్యూలో ఒక బొమ్మ చూపించి ఈయనెవరని అడిగారు. మా నాన్నగారు అన్నాను.

ఉద్యోగం వచ్చింది. నీ పుస్తకం వాళ్ళకి నచ్చలేదు, తిరిగి కూడా ఇవ్వలేదు అని పైడికి చెప్పాను. నమ్మింది. ఆ నెలలోనే వాళ్ళ నాన్న పోయారు, తను చదువు మానేసింది. నాకు గీయడం రాదని ఆఫీసులో ఎక్కడ బయటపడుతుందోనన్న భయంతో నేను బొమ్మల పని వదిలించుకుని, కంపెనీకొచ్చేవాళ్ళతో మాట్లాడే పనికి మారాను. మాటలొచ్చు నాకు. ఆ మాటలతోనే మేనేజర్నయ్యాను, తర్వాత శిక్షణ ఇచ్చేదాన్నయ్యాను. ప్రతి క్లాసూ ఒకే మాటతో మొదలుపెట్టేదాన్ని: నేను జూట్ మిల్లు కార్మికుడి కూతుర్ని. వినేవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. కొన్నాళ్ళకి అది నాకే నిజమనిపించేది. మా నాన్న బతికుండగానే, ఫోనులో నాతో ఎరువుల ధరలు మాట్లాడుతుండగానే! మనిషికి ఇదెలా సాధ్యం?

మొన్న వేసవిలో విజయనగరం దగ్గర, బట్టలు కుట్టే ఒక కంపెనీలో సూపర్‌వైజర్లకి క్లాసు. ఆ మాట అనేశాకే చూశాను. మూడో వరసలో ఒకామె నోరు తెరిచి, రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తోంది. పైడి. చేతిలో మైకు ఎప్పుడు జారిందో తెలీదు. తర్వాత రెండు గంటలు ఏం చెప్పానో ఇప్పటికీ గుర్తులేదు.

అందరూ వెళ్ళాక దగ్గరికొచ్చింది.

"ఏటే, మీ నాన్న మిల్లులో ఎప్పుడు సేరినాడు?"

నేను బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాను.

"నా బొమ్మలతో కొట్టేసిన ఉజ్జోగం సంగతి వొగ్గేయ్. ఒక్కటి సెప్పు. మా నాన్న బొమ్మలు నీకాడున్నాయేటి? ఆయన ఫోటో ఒక్కటీ లేదు మాకు. తాత ఎలాగుండేవోడని పిల్లలు అడుగుతారు. గీద్దామంటే మొకం గుర్తుకి రాదే నాకు."

"ఆఫీసులోనే పోయాయి పైడీ," అన్నాను.

"పోయాయా," అంది. బ్యాగు తీసుకుని బస్సుకి వెళ్ళిపోయింది.

పోలేదు. ఇంటర్వ్యూ అయ్యాక పుస్తకం నాకు తిరిగిచ్చేశారు. నేనే కాల్చేశాను. హాస్టల్ ఖాళీ చేసిన రోజు, ఎవరి కంటైనా పడతాయేమోనని, ఒక్కో కాగితమూ చింపి మంటలో వేశాను. దొంగతనం చేశానని నాకెప్పుడూ తెలుసు. కానీ ఒక మనిషి ముఖాన్ని లోకంలోనే లేకుండా చేశానని ఆ రోజు దాకా తెలీదు. తిట్టినా, చెంప మీద కొట్టినా తట్టుకునేదాన్ని. ఆమె అడిగింది బొమ్మలు. అప్పుడు కూడా నేను అబద్ధమే చెప్పాను.

పోయిన వారం నెల్లిమర్ల వెళ్ళి, ఆమె ఎదుట నిలబడి కాల్చేశానని చెప్పాను. వంకాయలు తరుగుతోంది. చెయ్యి ఆగింది. తలెత్తలేదు. ఎల్లిపో అంది. అంతే.

క్షమించమని అడగలేదు. ఏమని అడగను? క్లాసుల్లో ఆ మాట మానేశాను. నేను కోటబొమ్మాళి రైతు కూతుర్ని, నాకు బొమ్మలు రావు, మా స్నేహితురాలి బొమ్మలు దొంగిలించి కాల్చాను. ఇలా రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అలా ఆడుతున్నందుకు కూడా సిగ్గుగానే ఉంది.