కుడిచేతి పర్సు

చెరకు గానుగలో నలిగినా మా నాయన కుడిచెయ్యి పోలేదు. ఉంది గాని వేళ్ళు వంగవు, ఏదీ పట్టవు. ఏడాది తిరిగేసరికి ఆయన ఎడమచేత్తోనే మడవ తిప్పి చేనుకు నీళ్ళు కట్టాడు, ఆవుకు గడ్డి వేశాడు, బీడీ కూడా వెలిగించుకున్నాడు. అన్నం మాత్రం చెంచాతో, గోడవైపు తిరిగి తినేవాడు. చెంచాకు సిగ్గుపడుతున్నాడనుకున్నాను. అంతకుమించి నా బుర్రకు తట్టలేదు.

చిక్కల్లా బస్సులో వచ్చింది. మా ఊరినుంచి తిరుత్తణికి పోతూ ఒకరోజు కుడి అరచేతిలో రూపాయి బిళ్ళ పెట్టుకుని కండక్టరుకు చాపాడు. రైల్వే గేటు దగ్గర బస్సు ఎగిరిపడింది, బిళ్ళ సీట్ల కిందికి దొర్లింది. బస్సంతా వంగి వెతికింది. ఆ తర్వాత చొక్కా జేబు చూపిస్తే కండక్టరే చెయ్యి పెట్టి తీసుకునేవాడు. నాలుగుసార్లు అలా జరిగాక నాయన బస్సెక్కడమే మానేశాడు.

"ఎవురో నా జేబులో చెయ్యి పెట్టేది, నేను బొమ్మ మాదిరి నిలబడేది. ఎందుకమ్మా నాకీ సంబడం? ఏం కావాల్నో నువ్వే తెచ్చి పారెయ్" అన్నాడు నాతో.

సంతలో ఎద్దు పళ్ళు చూసి వయసు చెప్పే మనిషి అరుగుకు అతుక్కుపోయాడు. నాకది నచ్చలేదు. నాకు నచ్చనిదాన్ని అలా వదిలేసే గుణం నాకు చిన్నప్పటినుంచీ లేదు.

డెబ్బైలు ముగుస్తున్న రోజులవి. నేను తిరువళ్ళూరులో ఒక ఆఫీసులో టైపిస్టుని, తిరుత్తణినుంచి రోజూ రైల్లో పోయి వచ్చేదాన్ని. అంగట్లో ఒక పర్సు కొనిచ్చాను. దాన్ని తెరవడానికి రెండు చేతులు కావాలి. నాయన పళ్ళతో లాగి తెరవబోతుంటే చూడలేక నేనే లాక్కున్నాను. ఒంటిచేత్తో తెరిచే పర్సు ఏ అంగట్లోనూ లేదు. లేకపోతే నేనే కుడతానని పంతం పట్టాను.

తిరువళ్ళూరు స్టేషన్ బయట గోనె పరుచుకుని చెప్పులు కుట్టే ముసలాయన ఉండేవాడు. తమిళంలో అడిగితే తెలుగులో జవాబిచ్చాడు. వాళ్ళ ఇంట్లోనూ తెలుగేనట.

"పర్సులు నాకు రావు పాపా. కుట్టేది నేర్పిస్తా. కొలత నీది" అన్నాడు.

సాయంత్రం రైలుకు ముందు అరగంట నా బడి ఆ గోనె పక్కనే. దారానికి మైనం పట్టించడం, ఆరెతో తోలుకు వరసగా చిల్లులు పొడవడం, ఒకే చిల్లులోకి ఇటునుంచి ఒక సూది, అటునుంచి ఒక సూది పోనివ్వడం నేర్పాడు. "ఒక పక్క తెగినా రెండో పక్క పట్టుకోనుంటాది" అనేవాడు. చెప్పులు కుట్టించుకున్నవాళ్ళు చిల్లర ఆయన చేతికివ్వరు, గోనె మీద పడేసి పోతారు. మొదటిసారి చూసినప్పుడు నాకు చివుక్కుమంది, ఆయన తల కూడా ఎత్తలేదు. ఒకరోజు మా హెడ్ క్లర్కు నన్ను అక్కడ చూసి, చూడనట్టు పోయాడు. ఒళ్ళు మండింది. మరునాడు ఇంకొంచెం దారివైపు జరిగి కూర్చున్నాను.

ఇంట్లో అమ్మ తోలుముక్కల్ని గడప దాటనివ్వలేదు. "ఉద్యోగం చేసే బిడ్డకు ఈ పనేంది, నలుగురూ ఏమనుకుంటారు" అని సణిగింది. పశువుల పాక చూరులో దాచుకున్నాను.

మొదటి పర్సుకు వంకర కుట్లు. ముసలాయన ఒక్క లాగు లాగితే విడిపోయింది. రెండోదానికి ప్రెస్ బటన్ పెట్టాను, అది నాకే ఊడి రాలేదు. మూడోదానికి మెత్తటి మేకతోలు తీసుకుని, అంచులు చెక్కి పలచన చేసి, మూతను ఒక పట్టీ కిందికి దూర్చేలా కుట్టాను. ఎడమ బొటనవేలితో తోస్తే నోరు తెరుచుకుంటుంది. నాయన పదిసార్లు తెరిచి పదిసార్లు మూశాడు. ఎవరు నేర్పారని అడిగితే స్టేషన్ బయటి ముసలాయన గురించి చెప్పాను. నాకు గర్వంతో కాళ్ళు నేల మీద నిలవలేదు.

మరునాడు పొద్దున్నే ఇద్దరం మొదటి బస్సెక్కాం. కండక్టరు వచ్చాడు. నాయన పర్సు తెరిచాడు, బిళ్ళ తీశాడు. అక్కడే ఆగిపోయాడు. ఎడమచేతిలోని బిళ్ళను చూశాడు, కండక్టరును చూశాడు. తర్వాత దాన్ని నా కుడిచేతిలో పెట్టి, "నువ్వియ్యి" అన్నాడు.

నాకర్థం కాక, బస్సు దిగాక నిలదీశాను.

"ఎడంచేత్తో ఎట్లిచ్చేది బిడ్డా? పొద్దున్నే పనికొచ్చిన పిల్లోడు. వాడి బోణీ అది" అన్నాడు.

నెలల తరబడి తెరవడం గురించే ఆలోచించాను. ఇవ్వడం గురించి ఒక్కరోజూ ఆలోచించలేదు. గోడవైపు తిరిగి తిన్న అన్నం అప్పుడు గుర్తొచ్చింది. ఆయన సిగ్గు చెంచాకు కాదు, ఎడమచేతికి. నా మీద నాకే అసహ్యం వేసింది.

ముసలాయనకు చెబితే చేతిలోని చెప్పును తిప్పి చూశాడు.

"కాలు చెప్పును పట్టుకుంటాదా పాపా? పైనుండే తోలు వారే కదా కాలిని పట్టుకునేది. చేతికీ అట్లే ఒక వారు పెట్టు" అన్నాడు. మళ్ళీ తనే, "మీ నాయనతో మాత్రం చెప్పు వారని చెప్పొద్దు" అని నవ్వాడు.

నాలుగోది కుట్టడానికి రెండు నెలలు పట్టింది. పర్సు వెనక వెడల్పాటి వారు, అందులో కుడి అరచెయ్యి దూరుతుంది. ముందువైపు చేటలా అంచులు లేచిన చిన్న నాలుక. ఎడమ బొటనవేలితో తోస్తే బిళ్ళ ఆ నాలుక మీదికి వచ్చి ఆగుతుంది, బస్సు ఎంత ఎగిరినా పడదు. వారు మొదట బిగుసుకుంది, తర్వాత జారింది. విప్పాను, కుట్టాను, మళ్ళీ విప్పాను. కుదిరిందాకా నాయనకు చూపించలేదు.

ఈసారి బస్సులో నేను కిటికీవైపు చూస్తూ కూర్చున్నాను, ఆయన నా సాయం కోసం చూడకూడదని. బొటనవేలు తోసిన చప్పుడు వినిపించింది. కుడిచెయ్యి ముందుకు చాపాడు. కండక్టరు బిళ్ళ తీసుకుని, టికెట్టు ఆ నాలుక మీదే పెట్టి, వెనక సీటుకు పోయాడు. నాయన నాతో ఆ ఏటి వానల గురించి మాట్లాడాడు.

వారం తర్వాత నేను ఆఫీసునుంచి స్టేషన్‌కు వస్తుంటే ముసలాయన నన్ను చూసి చేతిలో పని ఆపాడు.

"మీ నాయన వచ్చిపోయినాడు" అన్నాడు.

నాకు నమ్మకం కలగలేదు. "ఆయనకు తిరువళ్ళూరులో ఏం పని తాతా? ఎవరితో వచ్చాడు?"

"ఒంటిగానే వచ్చినాడు. చెప్పు తెగిందని కుట్టించుకున్నాడు. ఆ తెగింది కత్తితో కోసినట్టుండాది, నేనేం అడగలా. నేను చెప్పిన వారు నేను గుర్తుపట్టలేనా?"

మళ్ళీ సూది తీసుకున్నాడు గాని చిల్లులోకి ఎక్కించలేకపోయాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"కుట్టినందుకు చిల్లర ఇచ్చినాడు పాపా. నేను గోనె చూపిస్తే ఎయ్యలేదు. ఆ కుడిచెయ్యి చాపి, నేను తీసుకునేదాకా అట్లే నిలబడినాడు."