కాలితో తొక్కని ఎకో పెట్టె

పోయిన నెల మా పిన్ని తన గిటారు పెడల్ బాగు చేయించుకు రమ్మని నా చేతికిచ్చింది. పెడల్ అంటే సైకిలుది కాదు. గిటారుకీ స్పీకరు బాక్సుకీ మధ్యలో వైర్లతో తగిలించే చిన్న ఇనప పెట్టె, సబ్బు పెట్టె కంటే కాస్త పెద్దది. పైన రెండు నాబులు, కింద ఒక మీట. మీట నొక్కితే తీగ మోత ఒకటికి నాలుగుసార్లు వినిపిస్తుంది, బావిలోకి వంగి కేకేసినట్టు. నేను మంగళగిరిలో ఉన్నదాన్ని కాబట్టి విజయవాడ నాకు పక్కిల్లనీ, అక్కడ బాగుచేయలేని వస్తువంటూ ఉండదనీ పిన్ని నమ్మకం. వెతగ్గా వెతగ్గా ఒక మెకానిక్ దొరికాడు. మరలు విప్పి, మూత తీసి, లోపలికి తొంగి చూసి గట్టిగా తుమ్మాడు. ఆగి ఇంకోసారి తుమ్మాడు. కళ్లు తుడుచుకుంటూ, "ఏంటండీ మేడమ్, దీన్లో కారం గానీ దంచారా?" అన్నాడు. ఆ ఎర్రటి పొడి అక్కడికెలా వచ్చిందో చెప్పాలంటే మా పిన్ని గురించి చెప్పాలి, మా తాతయ్య గురించి చెప్పాలి. అవతల నలుగురు నిలబడి ఉన్నారు. బాగుచేయండి బాబూ, అని మాత్రం అని ఊరుకున్నాను.

పిన్ని మా అమ్మకు ఆఖరి చెల్లెలు. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది, అయినా ఆ తొమ్మిదేళ్లనూ ఏనాడూ నా మీద ప్రయోగించలేదు. వాళ్లది గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే దారిలో దిగి లోపలికి నడవాల్సిన ఊరు. నల్లరేగడి, ఓ పక్క పత్తి, ఓ పక్క మిరప. కాయ కోతలయ్యాక కల్లాలన్నీ ఎర్రగా పరుచుకుని, ఊళ్లోకి అడుగుపెట్టిన మనిషికి ముందు దగ్గు, తరవాతే పలకరింపు. ఆ సీజనంతా పిన్ని తొడిమలు తీసే పనికి వెళ్లేది. సాయంత్రానికి వేలికొసలు భగభగమనేవి. ఇంటికొచ్చి, చేతులు కాసేపు మజ్జిగలో ముంచి, కొబ్బరినూనె రాసుకుని, గిటారు తీసేది. ఆ గిటారు ఆమెకు మిషనాసుపత్రిలో పనిచేసి బదిలీ అయి వెళ్లిపోయిన ఒక నర్సమ్మ ఇచ్చింది. తీగల మీద వేళ్లు పెట్టే పట్లు నాలుగు కూడా ఆవిడే నేర్పింది, మిగతావి పిన్ని రేడియో విని పట్టేసింది. ఎన్ని మజ్జిగలు పోసినా ఆ కారం పోయేది కాదు, తీగలకు ఎక్కేది. సరదాపడి ఆమె గిటారు ముట్టుకున్నవాళ్లు, ఆ చేత్తో కన్ను నలుపుకున్నారంటే ఇక ఆ పూటకు ఏడుపే. నేనూ ఏడ్చాను. ఒకసారి పాస్టరు గారు కూడా ఏడ్చారు, ఆయన వాయిద్యాన్ని ఆశీర్వదిద్దామని చెయ్యేశారు పాపం.

తాతయ్య మా అమ్మకూ పిన్నికీ నాన్న, ఊరి చర్చి సంఘానికి పెద్ద. పొలం కూలికి వెళ్లే మనిషే గానీ ఆదివారం తెల్ల పంచె కట్టి గుడికొచ్చాడంటే వేరే మనిషి. పాట ఎత్తుకోవాల్సింది ఆయనే. మా పాత గుడి మిషన్ కాలంలో కట్టింది. పిడుగురాళ్ల సున్నంతో కట్టిన మందపాటి గోడలు, తలెత్తి చూస్తే మెడ నొప్పెట్టేంత ఎత్తున పెంకుల కప్పు. ఆ కప్పు కింద తాతయ్య ఒక చరణం అని ఆపితే, ఆయన ఆపినా పాట ఆగేది కాదు. గోడలు కాసేపు దాన్ని అనుకుంటూ ఉండేవి. ఈలోగా ఆయన ఊపిరి పీల్చుకుని రెండో చరణం అందుకునేవాడు. ఆ గుడి కూలిపోయేటట్టు ఉందని పడగొట్టి స్లాబు గుడి కట్టారు. ఫ్యాన్లు పెట్టారు, నున్నటి బండలు పరిచారు, అందరూ మెచ్చుకున్నారు. మొదటి ఆదివారం తాతయ్య పాట ఎత్తుకున్నాడు. చరణం నోట్లోంచి వచ్చి ఆయన పాదాల దగ్గరే పడిపోయింది. రెండో చరణానికి ఊపిరి అందలేదు. మూడో చరణం సంఘమే పాడుకుంది. ఆ తరవాత ఆయన పాడటం మానేశాడు. గొంతు బాలేదని ఒక వారం, పడిశమని ఒక వారం. చివరికి సాకులు చెప్పడం కూడా మానేసి, పెదాలు బిగించి కూర్చునేవాడు. ఇంట్లో పాడని మనిషిని చూడటం మాకెవ్వరికీ అలవాటు లేదు. అమ్మమ్మ అయితే కూర గిన్నెలు కావాలని గట్టిగా పెట్టేది, ఏదో ఒక చప్పుడుండాలని.

పిన్నికి ఆ రోజుల్లో ఒకటే పట్టుదల. తాతయ్య చేత మళ్లీ పాడించాలి. ఎలాగో తెలియదు. గుంటూరులో ఒక పెళ్లిలో ఆర్కెస్ట్రా విన్నది, అందులో గిటారు వాయించే ఆయన కాలితో ఏదో నొక్కగానే తీగ మోత షామియానా దాటిపోయి వెనక్కొచ్చింది. పిన్ని భోజనం దగ్గర్నుంచి లేచి వెళ్లి ఆ పెట్టె ఏంటని అడిగింది. ఆయన ఆర్కెస్ట్రా మానేసి ఏదో కొట్టు పెట్టుకునే ఆలోచనలో ఉన్నాడట. ఆ ఏడాది కాయల సీజను అయ్యేసరికి పిన్ని కూలి డబ్బుతో ఆ పెట్టె మా అమ్మమ్మ గారింటికి వచ్చింది. నేను డిగ్రీ సెలవులకు అక్కడే ఉన్నాను. పిన్ని వసారాలో పెట్టెను నేల మీద పెట్టి, వైర్లు తగిలించి, ఒక్క తీగ మీటి, కాలి బొటనవేలితో మీట నొక్కింది. ఆ చిన్న పెంకుటింట్లో పాత గుడి లేచి నిలబడ్డట్టయింది. తాతయ్య మంచం మీద నుంచి లేచాడు. కళ్లలో వెలుగొస్తుందని మేం చూస్తుంటే, ఆయన చూపంతా పిన్ని కాలి మీదుంది.

"వాయిద్యాన్ని కాలితో తొక్కుతున్నావేంటమ్మా?" అన్నాడు.

కోపంగా కూడా కాదు, నొచ్చుకుని అన్నాడు. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే మనిషాయన. దైవసన్నిధిలో స్తుతిపాటకు వాడే వస్తువును చెప్పులు విప్పిన కాలైనా సరే, కాలితో తొక్కడానికి వీల్లేదన్నాడు. అదలా తొక్కడానికే చేసిందని పిన్ని చెప్పింది. ఎవరు చేశారో వాళ్లకు పెద్దలెవరూ చెప్పలేదు కాబోలన్నాడు. అమ్మమ్మ వంటింట్లోంచి, మిషన్ దొరసాని హార్మోనియం వాయించినప్పుడు రెండు కాళ్లతోనూ తొక్కేది, అప్పుడు నువ్వే పక్కన నిలబడి పాడావు, మర్చిపోయావా అని గుర్తుచేసింది. తాతయ్య దానికీ సమాధానం చెప్పాడు. అక్కడ తొక్కేది గాలితిత్తినట, స్వరం ఉండేది పైన వేళ్లతో నొక్కే మెట్ల దగ్గరట. ఇక్కడ స్వరం ఈ పెట్టెలోకే వచ్చి వెళ్తోంది కాబట్టి ఇది స్వరాన్నే తొక్కడమట. నిజం చెప్పొద్దూ, ఆ తర్కం నాకు సబబుగానే తోచింది. వాయించేటప్పుడు రెండు చేతులూ తీగల మీదే ఉంటాయి, మరి మీట ఎవరు నొక్కాలి అని పిన్ని ఏడుపు గొంతుతో అడిగింది. ఆయన తను నొక్కుతానన్నాడు.

అలా ఆదివారం వాయిద్యాల మూలలో పిన్ని పక్కన ఒక స్టూలు, స్టూలు మీద తుండుగుడ్డ, తుండుగుడ్డ మీద పెట్టె, దాని ముందు కుర్చీలో తాతయ్య. చరణం చివర పిన్ని తల ఊపితే ఆయన నొక్కాలి, మళ్లీ ఊపితే ఆపాలి. మొదటి రెండు పాటలూ బాగానే సాగాయి. మూడో పాటయ్యాక ఆపడం మర్చిపోయాడు. ఈలోగా పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు, అందరం కళ్లు మూసుకున్నాం. పిన్ని గిటారు దించబోతుంటే చీర కుచ్చిళ్లు తీగలకు తగిలాయి. జుంయ్యిమంది, మళ్లీ జుంయ్యిమంది. ప్రార్థనలో కళ్లు తెరవకూడదు కాబట్టి తాతయ్య కళ్లు మూసుకునే తడుముకుని, మీటకు బదులు నాబు పట్టుకుని చివరిదాకా తిప్పేశాడు. ఆ నాబు మోత ఎన్నిసార్లు రావాలో చెప్పేది. ఇక చూడండి, ఆ మోత తగ్గకపోగా పెరిగిపోతూ, నర్సరావుపేట రైలు గుళ్లోకే వస్తున్నట్టు స్లాబంతా అదిరింది. పిన్ని కూడా కళ్లు తెరవలేదు, వాళ్ల నాన్న కూతురే కదా. పాస్టరు గారు మంచివారు, ప్రార్థన తొందరగా ముగించారు. ఆమెన్ అనగానే తాతయ్య కళ్లు తెరిచి మీట నొక్కి మోత ఆపాడు. గుళ్లో వెనక వరసల్లో ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

తాతయ్య ఆ పూట అన్నం తినలేదు. ముసలితనంలో సంఘం ముందు తలవంపులు తెచ్చుకున్నానని, ఇక వచ్చే వారం ఆ మూలకు రానని, కావాలంటే ఇంకెవరినైనా కూర్చోబెట్టుకోమని అన్నాడు. పిన్ని వెళ్లి ఆయన మంచం పక్కన కింద కూర్చుంది. అప్పటిదాకా ఆ పెట్టె ఎందుకు కొన్నదో ఆయనకు చెప్పలేదు, చెబితే పంతానికి పోతాడని.

"నా గిటారు కోసం కొనలేదు నాన్నా. ఆ గుడి కప్పు పోయాక నీ పాట పోయింది. నువ్వు ఊపిరి తీసుకునేదాకా చరణాన్ని ఎవరో ఒకరు పట్టుకోవాలిగా. అందుకు కొన్నా."

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు కదులుతుంటే అమ్మమ్మ వచ్చి దుప్పటి కప్పి వెళ్లింది, ఎండాకాలంలో దుప్పటెందుకో అందరికీ తెలుసు. తరవాతి ఆదివారం అందరికంటే ముందు వెళ్లి స్టూలు ఆయనే వేసుకున్నాడు. పిన్ని నెమ్మదైన పాట ఒకటి అందుకుని, చరణం చివర తల ఊపింది. ఆయన నొక్కాడు. మోత లేచి నిలిచింది. తాతయ్య నోరు తెరిచాడు. మొదటి మాట బొంగురుగా వచ్చింది, రెండోది తిన్నగా వచ్చింది. చరణం ఆపి, మీట మీద చెయ్యి ఉంచి, తీరిగ్గా ఊపిరి పీల్చుకుని, రెండో చరణం ఎత్తుకున్నాడు. పక్కన పిన్ని కళ్ల నీళ్లు తుడుచుకోవడానికి భయపడి, అలాగే కారనిచ్చింది, చేతులకు కారం కదా. నేను మాత్రం హాయిగా ఏడ్చాను.

నాలుగైదేళ్లు అలాగే నడిచింది. రాను రాను పిన్ని తల ఊపాల్సిన పని కూడా లేకపోయింది, ఎక్కడ నొక్కాలో ఆయనకే తెలిసిపోయింది. కల్లం రోజుల్లో ఎర్రధూళి పట్టి నాబు గరగరమంటే, ఇంట్లో కూర్చుని ముక్కుకు గుడ్డ కట్టుకుని ఊదేవాడు. వాళ్లిద్దరినీ ఆ మూలలో అలా చూడగలగడం నా అదృష్టం. తరవాత తాతయ్య చేతులు వణకడం మొదలైంది. మీట ఒకసారి నొక్కబోతే రెండుసార్లు పడేది, మోత వచ్చినట్టే వచ్చి తెగిపోయేది. ఆయన పాట మాత్రం ఆపలేదు, కానీ ఊపిరి మధ్యలో తడబడుతుంటే ఆయనకే తెలిసేది. ఒక ఆదివారం మొదటి పాటకు ముందు, ఆయన కుర్చీలోంచి మెల్లగా వంగి, రెండు చేతులతో పెట్టెను స్టూలు మీద నుంచి తీసి, పిన్ని కాలి ముందు బండ మీద పెట్టాడు. వైరు కాలికి అడ్డం రాకుండా పక్కకు సర్దాడు. పిన్ని కాలు వెనక్కి లాక్కుంది. వద్దు నాన్నా, అన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"తొక్కమ్మా. నేను చెబుతున్నాగా," అన్నాడు తాతయ్య.

పిన్ని వంగి పెట్టెను ముట్టుకుని కళ్లకద్దుకుంది, తరవాత పాదం మోపింది. ఆయన ఖాళీ అయిన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని పాట ఎత్తుకున్నాడు. కాలం ఎవరినీ అడక్కుండానే అన్నీ మార్చుకుంటూ పోతుంది. ఆ ఒక్క ఉదయం మాత్రం మా తాతయ్య వంగి, సర్ది, మళ్లీ నిటారుగా కూర్చునేదాకా అది ఆయన కోసం ఆగిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.