వెచ్చబెట్టుకున్న చేతులు

మా మేనత్త పోయారండీ. మంగళవారం పొద్దున్న, ఏలూరు ఆసుపత్రిలో. పరామర్శకి ఫోన్ చేసినవాళ్ళంతా "రిటైరైన నర్సు కదా" అంటున్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతోంది. ఆవిడ రిటైర్ కాలేదండీ, ఆవిణ్ణి పని చెయ్యనివ్వకుండా ఆపేశారు.

కైకలూరులో ఓ చిన్న ఆసుపత్రిలో పనిచేసేవారు. డాక్టరుగారు ఏలూరు నుంచి వచ్చేలోగా ఫోన్లో ఏ మందు చెబితే అది ఇచ్చెయ్యడం, ఆయనొచ్చాక కేస్‌షీటులో రాయడం అక్కడి పద్ధతి. ఓరోజు అత్తయ్య అలా ఇచ్చిన ఇంజక్షన్ పడక చేపల చెరువు రైతొకాయనకి ప్రాణం మీదికొచ్చింది. బతికాడు లెండి. డాక్టరుగారు మాత్రం "నేను చెప్పలేదే" అనేశారు. లైసెన్సులు చూసే కమిటీ అత్తయ్యని పిలిచి అడగనైనా అడగకుండా సస్పెండ్ చేసింది.

కోర్టుకెళ్ళి గెలిచారు కూడా. ఆవిడ చెప్పేది విని మళ్ళీ తేల్చమని జడ్జిగారు ఆ కమిటీకే పంపారు. అప్పటిదాకా సస్పెన్షన్ అలాగే ఉంటుందట. అది తెలీక మేం స్వీట్లు పంచాం. కమిటీవాళ్ళు ఇదిగో పిలుస్తాం, అదిగో పిలుస్తాం అంటూ ఏళ్ళు గడిపేశారు.

"తప్పు నాదేనని తేల్చినా ఏడ్చి ఊరుకుందునే. ఏదీ తేల్చకపోతే ఎటు పోను?" అనేవారు నాతో.

ఉద్యోగం లేక అత్తయ్య మా నాన్న ఐసు కొట్లో కూర్చునేవారు. పక్కింటావిడ బీపీ చూడమంటే చేతులు వెనక్కి పెట్టుకుని, "ఏమనుకోకండి, నేను చూడకూడదండీ" అనేవారు. బీపీ ఎవరైనా చూడొచ్చని నేను పోట్లాడేదాన్ని.

"వాళ్ళకి ఇంకో సాకు దొరకాలా?" అనేవారు.

చల్లటి చెయ్యి వేస్తే జబ్బు మనిషి హడలిపోతాడని, ముందు అరచేతులు రుద్దుకోవడం ఆవిడకి అలవాటు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే ఆ వెచ్చటి చెయ్యే నుదుటి మీద ఉండేది. సగం జ్వరం దానికే తగ్గేది. కొట్లోకి ఎవరైనా నీరసంగా వచ్చినా చేతులు వాటంతటవే రుద్దుకునేవి. వెయ్యకూడదని గుర్తొచ్చి మళ్ళీ ఒళ్ళో పెట్టుకునేవారు.

ఆ మంగళవారం ఆవిడకి ఊపిరి అందట్లేదు. "అత్తయ్యా, ఏమైనా కావాలాండీ?" అన్నాను.

"కమిటీ వాళ్ళు పిలిచారా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. లేదన్నాను. అత్తయ్య అరచేతులు రెండూ నెమ్మదిగా రుద్దుకున్నారు. ఎవరికోసమా అని చూస్తున్నాను. కుడిచేతి వేళ్ళు తన ఎడమ మణికట్టు మీద వేసుకుని, గోడ గడియారం వైపు తల తిప్పారు.