సోడా అక్కర్లేని పప్పు

ఏరువాక పున్నమికి ముందు గురువారం. ఇంట్లో ఉన్నవాళ్ళు: నేను, నా భార్య, కోడలు, ఏడో నెల నడుస్తున్న మనవరాలు, నందవరం నుంచి పొద్దున బస్సుకు వచ్చిన వియ్యపురాలు. కొడుకు ముహూర్తం కాగానే ఆదోనికి పనికి పోయాడు. ఆ రోజు పాపకు అన్నప్రాశన.

ఏ రోజైనా డైరీ ఇలాగే మొదలుపెట్టడం నాకు అలవాటు. ఆ పేజీలో ఇంతవరకే గురువారం రాసింది. తక్కినది మరుసటి రోజు రాశాను.

వియ్యపురాలు వస్తూనే నవ్వించింది. మంగళవారం కురిసిన వానకు మా వీధి మొదట్లో మురుగు మోరీ పొంగి గుంట నిండింది. అందులో పందులు పొర్లుతున్నాయి. ఆటో అతను ఇవతలికి రానన్నాడట. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గోడ వెంబడి నడిచి వచ్చి, మా కాలనీకి రావాలంటే ఆటో కాదు, పడవ మాట్లాడుకోవాలని అంది. అందరం నవ్వాం. ఆ గుంట గురించి అప్పుడు ఎవరూ మరో మాట అనుకోలేదు.

మా కాలనీ ఎమ్మిగనూరు ఊరి అంచున ఉంది. ఊళ్ళో వాళ్ళకు కాలువ నీళ్ళు, మాకు బోరు నీళ్ళు. కొళాయి మూడు రోజులకొకసారి వస్తుంది. ఆ నీళ్ళు కాస్తే గిన్నె అడుగున సున్నం పేరుకుంటుంది. సబ్బు నురగ రాదు, తలవెంట్రుకలు పీచులా అవుతాయి. కందిపప్పు ఎంతసేపు ఉడికినా పలుకు మిగులుతుంది. అందుకని ఇక్కడి ఆడవాళ్ళు పప్పులో చిటికెడు వంటసోడా వేస్తారు. నా భార్య ఈ ఇంట్లో సోడా వేయకుండా పప్పు వండిన రోజు లేదు. చేయి దానంతటదే డబ్బాలోకి పోతుంది. తాగడానికి క్యాను నీళ్ళు కొంటాం, వంటకు కొళాయి నీళ్ళే.

ఆ పొద్దున కొళాయి వచ్చింది. బిందెలు, డ్రమ్ములు నింపుకున్నాం. నీళ్ళు కాస్త మసకగా ఉన్నాయి. పాపకు పప్పుకట్టు కోసం నా భార్య పప్పు పొయ్యి మీద పెట్టి, ఎప్పటిలాగే సోడా వేసింది. కాసేపటికి మూత తీసి వియ్యపురాలిని పిలిచింది.

"వదినా, ఈ పప్పు సూడు. ఉగ్గు మాదిరి అయిపోయింది."

పప్పు నిజంగానే జారిపోయి జిగురుగా ఉంది. వియ్యపురాలు బిందెలోంచి చెంబు ముంచి గుక్కెడు తాగి చూసింది. ఉప్పదనం లేదంది. కాలనీకి కూడా కాలువ నీళ్ళు ఇస్తారని ఏడాదిగా చెప్తున్నారు, కొత్త పైపులు కూడా వేశారు. కొత్త నీళ్ళు కాబట్టి మసకగానే ఉంటాయని అందరం తేల్చుకున్నాం. పక్కింటి చేనేత ఆమె మగ్గం ఆపి గోడ మీదుగా తొంగిచూసి, తన ఇంట్లోనూ సబ్బు నురగ వచ్చిందని సంబరంగా చెప్పింది.

పాపకు మేనమామ తినిపించాలి. అతనికి సెలవు దొరకలేదు కనుక అమ్మమ్మే ఒడిలో కూర్చోబెట్టుకుని మొదటి ముద్ద పెట్టింది. ముద్దతో పాటు మొదటిసారి నీళ్ళు తాపాలి. కోడలు కాచి చల్లార్చిన క్యాను నీళ్ళు తెచ్చేలోపే వియ్యపురాలు బిందెలో నీళ్ళు ఉగ్గుగిన్నెలో పోసి తాపేసింది. క్యాను నీళ్ళు చచ్చిన నీళ్ళని, ఇంటికి తీపి నీళ్ళు వచ్చిన రోజే బిడ్డ నీళ్ళు ముట్టడం మంచి శకునమని అంది. పాప చప్పరించి ఇంకా కావాలని నోరు తెరిచింది. ఇంకొంచెం తాపింది. నేనూ చూసి నవ్వాను.

భోజనాలయ్యాక పడుకున్నాను గాని నిద్ర పట్టలేదు. నేను ఆదోనిలో ఒక నూనె మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసి రిటైరయ్యాను. బాయిలరుకు పోయే నీళ్ళను ప్రతి షిఫ్టులో సీసాలో పట్టి, సబ్బు ద్రావణం కలిపి ఊపి చూసేవాళ్ళం. నీళ్ళలో సున్నం ఉంటే సబ్బు విరిగి పెరుగు తరకల్లా తేలుతుంది. లేకపోతే నురగ నిలబడుతుంది. అక్కడ నేర్చుకున్నది ఒకటే: నీళ్ళు వాటంతట అవి మారవు. మారాయంటే ఎక్కడో వేరే నీళ్ళు కలిశాయి.

లేచి సబ్బు గీకి సీసాలో వేసి, బిందెలో నీళ్ళు పోసి ఊపాను. నురగ నిలిచింది. కాలువ నీళ్ళేనని నమ్మాలని ఉంది. అయినా మా వీధికి నీళ్ళు వదిలే అతనికి ఫోను చేశాను.

"మీ లైనుకు కాలువ నీళ్ళు యాడిచ్చినాం సార్? వాల్వే పెట్టలేదు ఇంకా. అదే బోరు."

ఫోను పెట్టేసి సీసా వైపు చూస్తూ నిలబడ్డాను. మా పైపు వీధి మొదట్లో మోరీ గుంట కిందుగా వస్తుంది. కొళాయి కట్టేసినప్పుడు పైపు ఖాళీ అవుతుంది. ఎక్కడైనా పగులు ఉంటే ఖాళీ పైపు చుట్టుపక్కల నీళ్ళను లోపలికి పీల్చుకుంటుంది. వాన నీళ్ళలో సున్నం ఉండదు. పప్పును అంత మెత్తగా ఉడికించింది పందులు పొర్లిన గుంటలో వాన నీళ్ళు.

అన్నం, పప్పు ఉడికినవి. వాటి గురించి నాకు భయం లేదు. ఉగ్గుగిన్నెలోవి పచ్చి నీళ్ళు.

చెప్పక తప్పలేదు. కోడలు పాపను వియ్యపురాలి ఒడిలోంచి తీసుకుంది. నా భార్యకు కోపం వచ్చింది.

"నీళ్ళు ఉప్పగుంటే ఏడుస్తావు, తియ్యగుంటే ఏడుస్తావు. నీకు ఏ నీళ్ళు తేవాలప్పా నేను?"

బిందెలు, డ్రమ్ములు అన్నీ పారబోయమన్నాను. ఆ మాట నా భార్యకూ వియ్యపురాలికీ మింగుడు పడలేదు. నీళ్ళు పారబోయడం ఈ ప్రాంతంలో ఎవరికీ చేతకాని పని. బియ్యం కడిగిన నీళ్ళు ఎనుముకు, గిన్నెలు కడిగినవి చెట్టుకు పోతాయి. కాచి వాడుకుందామని, బట్టలైనా ఉతుక్కుందామని నా భార్య డ్రమ్ము మీద మూత పెట్టింది. మళ్ళీ మూడు రోజులకు గాని నీళ్ళు రావని ఆమె అన్నదీ నిజమే. నేను గట్టిగా చెప్పలేకపోయాను. నా అనుమానం తప్పు కావాలని అప్పటికీ అనుకుంటున్నాను.

సాయంత్రం కొడుకు వచ్చి విని, వెంటనే ఎమ్మిగనూరులో పిల్లల డాక్టరుకు ఫోను చేశాడు. వాంతులు, విరేచనాలు మొదలైతే వెంటనే తీసుకురమ్మన్నారట, లేకపోతే కనిపెట్టుకుని ఉండమన్నారట. కనిపెట్టుకుని ఉండడం కంటే కష్టమైన పని నేను మిల్లులో కూడా చేయలేదు. పాప దగ్గితే కోడలు లేచేది. పాప కదలకపోతే నేను లేచేవాడిని. వియ్యపురాలు గోడకు ఆనుకుని కూర్చునే ఉంది, మంచం వేసినా పడుకోలేదు.

తెల్లవారాక పాప దొడ్డికి కూర్చుంది. అందరం పాప కింద పరిచిన గుడ్డ చుట్టూ నిలబడి చూశాం. రోజూ కంటే పలుచగా ఉంది. అది మొదటి ముద్ద వల్లనో, ఆ నీళ్ళ వల్లనో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు. తొలి అన్నానికి పిల్లల కడుపు ఇలాగే మారుతుందని నా భార్య అంది. ఆమె గొంతులో నమ్మకం లేదు.

కొడుకు, కోడలు పాపను బండి మీద ఆస్పత్రికి తీసుకుపోయారు. నేను నీళ్ళు వదిలే అతన్ని పిలిపించి మోరీ దగ్గరికి పోయాను. గుంటలో నీళ్ళు తోడి తవ్వితే పైపు అతుకు దగ్గర వేలు దూరేంత సందు ఉంది. అతను నా వైపు చూడకుండా, ఇల్లిల్లూ తిరిగి చెప్పి వస్తానన్నాడు.

ఇంటికి వచ్చేసరికి వాకిలంతా తడిసి ఉంది. వియ్యపురాలు చీర చెంగు నడుముకు దోపుకుని బిందెలు ఒకదాని వెనుక ఒకటి తెచ్చి ఇంటి ముందు మోరీలో వంచుతోంది. పక్కింటామె గోడ మీదుగా అడిగింది.

"ఏమ్మా, నందవరంలో నీళ్ళెక్కువైనాయా, ఈడికొచ్చి పారబోస్తాండావు?"

నేను విషయం చెప్పేసరికి ఆమె మొహంలో నవ్వు పోయింది. పిల్లలను పేర్లు పెట్టి పిలుస్తూ లోపలికి పరుగెత్తింది.

డ్రమ్ము ఒక్కటే మిగిలింది. అది ఒక మనిషికి వంగదు. నేను ఒక పక్క పట్టుకున్నాను. వియ్యపురాలు రెండో పక్క పట్టుకుని, తల వంచుకునే అంది.

"నా సేత్తోనే తాపినా కదన్నా."

పట్టు అన్నాను. ఇద్దరం కలిసి వంచాం. నీళ్ళు పోయాక డ్రమ్ము అడుగున బోరు నీళ్ళ తెల్లటి పొర కనిపించింది. ఇన్నేళ్ళూ దాన్ని గీకుతూ తిట్టుకున్నాను.

అప్పుడే బండి వచ్చింది. పాప హుషారుగానే ఉందని, ఒళ్ళు ఎండిపోలేదని, ఇంకో రెండు రోజులు చూడాలని డాక్టరు అన్నారట. ఓఆర్ఎస్ పొట్లాలు ఇచ్చారు. వియ్యపురాలు పాప కోసం చేతులు చాచబోయి ఆగింది. కోడలు ఒక్క క్షణం చూసి, పాపను తన తల్లి చేతుల్లో పెట్టి, పొట్లం కలపడానికి క్యాను నీళ్ళు కాచేందుకు లోపలికి పోయింది. నేను సీసా తీసుకుని ఆమె వెనకాలే పోయాను, క్యాను నీళ్ళు కూడా చూద్దామని.