గీత మందం

జబ్బార్ సాబ్ నోట్లోంచి రోజుకు వందసార్లు ఒకే మాట వచ్చేది: "నక్షాల ఉన్నదా?"

ముప్పయ్యేళ్లు సర్వే దఫ్తర్‌లో గొలుసు పట్టి భూములు కొలిచి రిటైరైన మనిషి. కరీంనగర్ ఊరి పటం, అదే ఆయన నక్షా, గొట్టంలా చుట్టి చంకలో పెట్టుకొని తిరిగేవాడు. ఎండ కొడితే అదే గొడుగు, కుక్క వస్తే అదే కట్టె.

ఒకసారి ఆయన భార్య బిస్మిల్లా బీ వాకిట్లో బట్టల తీగ కట్టింది.

"నక్షాల ఉన్నదా?" అన్నాడు.

ఆమె తీగ విప్పేసి, నీళ్లు కారుతున్న ఆయన చొక్కానే చేతికిచ్చింది. "లేదు. ఎండేదాంక పట్టుకొని నిలబడు."

నిలబడ్డాడు. గంటసేపు.

ఇంకోనాడు గల్లీకి అడ్డంగా ఒక బర్రె పండుకుంది. జబ్బార్ సాబ్ దాని చుట్టూ సుద్దతో గీత గీసి, పక్కన "అనుమతి లేని కట్టడం" అని రాశాడు. బర్రె లేచి వెళ్లిపోయింది. గీత మాత్రం మిగిలింది. వారం రోజులు జనం ఆ లేని బర్రెను తప్పుకొని నడిచారు.

ఎదురింటి రామవ్వ బీడీలు చుట్టుకుంటూ ఇదంతా చూసి నవ్వుకునేది. ఒంటరి మనిషి. ఆమెకు ఉన్నది ఒక్క గది. పైన గూన పెంకులు, ముందర మూరెడు అరుగు. ఊళ్లో గజం జాగ కొనాలంటే షావుకార్లే వెనకాముందాడుతున్న రోజులు. ఆ గది పోతే ఆమెకు కరీంనగర్‌లో మరో నీడ దొరకదు.

ఎనభై ఆరులో ఆ గల్లీని నలభై అడుగుల రోడ్డు చేస్తామన్నారు. టౌను సర్వేయర్ సుదర్శన్‌రావు వచ్చి టేపు పరిచాడు. రామవ్వ గోడ మీద ఎర్ర రంగు గుర్తు పెట్టాడు. ఆరడుగులు పోతాయన్నాడు.

"సారూ, గదే ఏడడుగులు! మిగిలిన ఒక్క అడుగుల నేను నిలబడి నిద్రపోవాల్నా?"

సుదర్శన్‌రావు తల దించుకున్నాడు. "నక్షాల గట్లనే ఉన్నదవ్వా."

ఆ మాట చెవిన పడగానే ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఈయన కూడా కొలిస్తే ఆ మిగిలిన అడుగూ పోతుందనుకుంది రామవ్వ.

జబ్బార్ సాబ్ నక్షాను రోడ్డు మీద పరిచాడు. ఎగరకుండా మూలలకు రెండు రాళ్లు, ఒక చెప్పు, ఒక చాయ గ్లాసు పెట్టాడు. బోర్లా పండుకొని భూతద్దం కంటికి ఆనించాడు.

"రావు సాబ్, గీ రోడ్డు గీత ఎంత మందమున్నది?"

"గీతకు మందమేంది సాబ్?"

"మొద్దు పెన్సిలుతోని గీసిండ్రు. కాగితం మీద నూలుపోగంత, జమీన్ మీద ఆరడుగులు! మీరు గీతకు గా అంచు నుంచి కొలిచిండ్రు. మా దిక్కు అంచు నుంచి కొలువుండ్రి."

"గా అంచు నుంచే కొలవాలె అని నన్ను ఎండల నిలబెట్టి నేర్పింది మీరే గద!"

"అప్పుడు గీత సన్నగుండె."

"గదే నక్షా గద సాబ్!"

"అయితేంది? వయసుకొచ్చినంక నాకు పొట్ట రాలే? గీతకూ వచ్చింది."

సుదర్శన్‌రావుకు నవ్వాలో దండం పెట్టాలో తెలియలేదు. మళ్లీ కొలిచాడు. రోడ్డు ఆరడుగులు జబ్బార్ సాబ్ ఇంటి వైపు జరిగింది. ఎర్ర గుర్తు ఆయన వరండాలో, సరిగ్గా వాలుకుర్చీ వెనక పడింది.

"మీ వరండా పోతది సాబ్!"

"పోనీ. అది నక్షాల లేనే లేదు. ఇరవై ఏండ్ల సంది దొంగ కట్టడం. మీకే కనబడలే."

గల్లీ అంతా పగలబడి నవ్వింది. అందరినీ నక్షా అడిగిన మనిషి ఇల్లే నక్షాలో లేదట!

వరండా కూల్చిన రోజు రామవ్వ బిస్మిల్లా బీ దగ్గరికి వెళ్లి, "సాబ్ ఇన్నేండ్లు గింత మాట దాచిండా?" అంది.

"దాచుడేంది? వరండా మా ఇంటి నక్షాల ఉన్నది, మొహరు ముద్ర గూడ ఉన్నది. పెండ్లయినంక మొదటి అబద్ధం ఆడిండు. చెవులు ఎర్రగయినయి, చూడలే నువ్వు?"

మర్నాడు పొద్దున జబ్బార్ సాబ్ వాలుకుర్చీ మోసుకొని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఎక్కడ వేసినా రోడ్డు మీదే పడుతోంది.

"ఇటు రాండ్రి సాబ్, నా అరుగు మీద కూసోండ్రి," అని పిలిచింది రామవ్వ.

వచ్చాడు. అరుగును ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాడు. పాత అలవాటు ఎటు పోతుంది?

"గీ అరుగు నక్షాల ఉన్నదా?"

"గీత మందంల ఉన్నది సాబ్."

జబ్బార్ సాబ్ నక్షాను నాలుగు మడతలు వేసి, అరుగు మీద పరిచి, దాని మీద కూర్చున్నాడు.

"అట్లయితే చాయ తే."